పేరు, కార్డు, పెట్టె: విమానాశ్రయ భద్రతా తనిఖీకి ఇంటి దగ్గరే సిద్ధం కావడం ఎలా

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో టెర్మినల్ తలుపు దగ్గర నిలబడి ఉండే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) జవాను ప్రతి ప్రయాణికుడినీ రెండు వస్తువులు అడుగుతారు: టికెట్టు లేదా బోర్డింగ్ పాసు, దానితో పాటు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. రెండింటిలోనూ పేరు ఒకటేనా, కార్డులోని ముఖం ఎదురుగా ఉన్న మనిషిదేనా, ప్రయాణం ఈ రోజుదేనా అని చూసి కొన్ని క్షణాలలో లోపలికి పంపుతారు. అక్కడి నుంచి విమానం మెట్ల వరకు ఇవే ప్రశ్నలు మరో రెండు మూడు చోట్ల కొద్దిగా మారిన రూపంలో ఎదురవుతాయి. మా ఇంట్లో పెద్దవారిని విమానం ఎక్కించే బాధ్యత చాలా కాలంగా నాదే కావడం వల్ల నేను గమనించిన సంగతి ఒకటుంది: తనిఖీ దగ్గర పడే ఇబ్బందులలో ఎక్కువ భాగం టికెట్టు కొన్న రోజునో, పెట్టె సర్దిన రాత్రో ఇంట్లోనే పుడతాయి. అందుచేత యంత్రాల కంటే ముందు పేర్ల గురించి, సంచుల గురించి చెబుతాను.

మనిషి పేరుకూ పెట్టెకూ ఇంత గట్టి ముడి ఎందుకు వేశారో తెలిస్తే ఈ తనిఖీల మీద విసుగు కొంత తగ్గుతుంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దగ్గరలో అట్లాంటిక్ మీద పేలిపోయి, అందులో ఉన్న 329 మందీ మరణించారు. బాంబు ఉన్న పెట్టెను వాంకూవర్‌లో అప్పగించిన మనిషి విమానం ఎక్కనే లేదు; పెట్టె మాత్రం ఎక్కింది. ఈ రోజు మనం చెక్-ఇన్ చేసి గేటు దగ్గరకు రాకపోతే, విమానం ఆలస్యమైనా సరే, మన పెట్టెను వెతికి కిందికి దించిన తరువాతే బయలుదేరడానికి కారణం ఇటువంటి అనుభవమే. కనిష్క దుర్ఘటన తరువాత, 1987 ఏప్రిల్ 1న పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, స్వతంత్ర విభాగంగా ఏర్పడింది. దేశంలోని విమానాశ్రయాలన్నింటికీ భద్రతా నియమాలను నిర్ణయించేది ఈ సంస్థే. 1999 డిసెంబరులో కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీకి వస్తున్న విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌కు మళ్లించిన తరువాత, విమానాశ్రయాల కాపలాను సీఐఎస్‌ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ఆ పని ప్రారంభమైంది. కొన్ని చిన్న విమానాశ్రయాలలో ఇదే పనిని రాష్ట్ర పోలీసులు చేస్తారు. నియమాలు మాత్రం అవే.

ముందు కార్డు, తరువాత టికెట్టు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, విమాన టికెట్టులో అది చివర వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పదో తరగతి ధ్రువపత్రంలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ సొంత పేరుకూ వేర్వేరు గడులు ఉంటాయి. పెళ్లయిన స్త్రీలకు ఒక కార్డులో పుట్టింటి పేరు, మరో కార్డులో అత్తింటి పేరు ఉండడం మన దగ్గర సర్వసాధారణం. కాబట్టి టికెట్టు కొనే ముందే ప్రయాణం రోజున ఏ కార్డు చూపించబోతున్నారో నిర్ణయించుకుని, ఆ కార్డును ఎదురుగా పెట్టుకుని, అక్షరం అక్షరం చూస్తూ పేరు నింపాలి. ట్రావెల్ ఏజెంటుకు ఫోన్‌లో పేరు చెప్పి రాయించుకోవడం కంటే కార్డును చూపించడం మంచిది, ఎందుకంటే ఇంగ్లిషు అక్షరాలలో రాసేటప్పుడు లక్ష్మి, శ్రీనివాస్, చౌదరి వంటి పేర్లకు ఒక్కొక్కదానికి నాలుగైదు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి.

దేశీయ ప్రయాణంలో ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరాన్ని కొన్ని వెబ్‌సైట్లు అంగీకరించవు. కార్డులో పొడి అక్షరం తప్ప పూర్తి ఇంటిపేరు లేనివారు, తమ సొంత పేరులోని మొదటి మాటను మొదటి గడిలోనూ, మిగిలిన మాటలను చివరి గడిలోనూ నింపుకోవచ్చు. తనిఖీ చేసేవారు గడులను చూడరు, మొత్తం మీద పేరు కార్డుతో సరిపోతోందా అనే చూస్తారు. పేరు చాలా పొడవైనప్పుడు బోర్డింగ్ పాసు మీద చివరి అక్షరాలు తెగిపోవడం, పేరు చివర మిస్టర్, మిసెస్ వంటి గౌరవపదం ఖాళీ లేకుండా అతుక్కుని కనిపించడం మామూలే. వాటిని చూసి కంగారు పడనక్కరలేదు.

కంగారు పడవలసింది వేరే పేరు ఉన్నప్పుడే. కొన్నేళ్ల కిందట మా మేనమామగారికి ఇంట్లో అందరం పిలిచే పేరుతోనే టికెట్టు కొన్నాం. ఆధార్‌లో ఉన్న పేరుకూ దానికీ ఒక్క మాట కూడా కలవలేదు. తలుపు దగ్గర జవాను మర్యాదగానే ఆపారు, ఆయన చేసింది ముమ్మాటికీ సరైన పనే. టెర్మినల్ బయట ఉండే విమాన సంస్థ టికెట్టు కిటికీ దగ్గర ఆయనను డెబ్బై రెండేళ్ల వయసులో ముప్పావు గంట నిలబెట్టవలసి వచ్చింది. ఒకటి రెండు అక్షరాల తప్పులను విమాన సంస్థలు సాధారణంగా సరిదిద్దుతాయి, కానీ పేరు మొత్తం మార్చడాన్ని వేరే మనిషిని పంపడంగా భావించి ఒప్పుకోవు. అందుకే టికెట్టు చేతికి రాగానే, అదే రోజు, కార్డు పక్కన పెట్టి చదవాలి. తప్పు ఉంటే ప్రయాణానికి ముందే ఫోన్ చేసి సరిచేయించుకోవాలి.

విదేశీ ప్రయాణానికి పాస్‌పోర్టు ఒక్కటే ప్రమాణం. ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదవడానికి అచ్చువేసిన రెండు వరుసలుంటాయి. పై వరుసలో దేశం సంకేతం తరువాత ఇంటిపేరు, దాని తరువాత వరుసగా రెండు కోణపు గుర్తులు, ఆపైన సొంత పేరు వస్తాయి. టికెట్టులో ఏ మాట ఏ గడిలో రాయాలో ఆ వరుసే చెబుతుంది. పేరంతా ఒకే గడిలో ఉండి రెండో గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన పాత తరం వారిలో కనిపిస్తాయి. అటువంటివారికి అమెరికా వీసాలో సొంత పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు వేస్తారు. సొంత పేరు నమోదు కాలేదని దాని అర్థం. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వెళ్లేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తామని తరువాత వివరణ ఇచ్చింది. దుబాయిలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, వీలైతే పాస్‌పోర్టులోనే ఇంటిపేరును విడదీయించుకోవడం మేలని నా అభిప్రాయం.

ఏ కార్డు చెల్లుతుంది

దేశీయ ప్రయాణానికి పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఎంఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి కార్డు, ప్రభుత్వ విద్యాసంస్థ ఇచ్చిన విద్యార్థి కార్డు, ఫొటో ఉన్న జాతీయ బ్యాంకు పాస్‌బుక్, ఫొటో ఉన్న పింఛను కార్డు, దివ్యాంగుల గుర్తింపు కార్డు, వీటిలో ఏదైనా ఒకటి చాలు. అసలు కార్డే ఉండాలి, జిరాక్సు పనికిరాదు. ఫోన్ గ్యాలరీలో దాచుకున్న ఆధార్ ఫొటోను, వాట్సాప్‌లో కొడుకు పంపిన బొమ్మను చూపించి లోపలికి వెళ్లవచ్చని అనుకోకూడదు. ఫోన్‌లో చూపించదలిస్తే ఎంఆధార్ యాప్‌నో డిజిలాకర్‌నో తెరిచి అందులోని కార్డును చూపించాలి. కార్డు మరిచిపోయి విమానాశ్రయానికి చేరుకున్న రోజున ఈ రెండు యాప్‌లు ఆదుకుంటాయి కాబట్టి వాటిని ఇంటి దగ్గరే తెరిచి, పాస్‌వర్డు గుర్తుందో లేదో ఒకసారి చూసుకోవాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏ యాప్ అయినా పనికిరాదు గనుక అసలు కార్డును వెంట ఉంచుకోవడమే అన్ని విధాలా క్షేమం. చేతిలో ఏ కార్డూ లేనివారికి గ్రూపు-ఎ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద ఫొటో అతికించి ఇచ్చే ధ్రువపత్రం అనే దారి ఒకటి ఉంది, కానీ అది ముందుగా సంపాదించుకోవలసిన పత్రం.

తల్లిదండ్రులతోనో సంరక్షకులతోనో దేశీయ ప్రయాణం చేసే మైనర్లకు విడిగా గుర్తింపు పత్రం అక్కరలేదు, పెద్దవారి కార్డు చాలు. రెండేళ్లలోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని వెళ్లేవారిని మాత్రం వయసు రుజువు కోసం విమాన సంస్థ జనన ధ్రువపత్రం అడుగుతుంది. ఒంటరిగా ప్రయాణించే పిల్లల విషయం వేరు. వారికి కార్డు ఉండాలి.

ఆధార్‌లోని ఫొటో పదేళ్ల కిందటిదైతే మార్పించుకోవడం మంచిది. గడ్డం పెంచినంత మాత్రాన, తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చినంత మాత్రాన ఎవరూ ఆపరు, కానీ పోలిక అందనంత పాత ఫొటో ఉన్నప్పుడు రెండో కార్డు అడుగుతారు. నేను పెద్దవారికి ఎప్పుడూ రెండు కార్డులు ఇచ్చి పంపుతాను: ఒకటి చేతి సంచిలో, ఒకటి మెడలో వేసుకునే చిన్న పౌచ్‌లో.

డిజియాత్ర వాడదలిస్తే

ముఖమే గుర్తింపు కార్డుగా తలుపు తెరుచుకునే పద్ధతి ఇది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలై, తరువాత హైదరాబాద్, విజయవాడలకూ, 2024 సెప్టెంబరులో విశాఖపట్నానికీ వచ్చింది. ప్రస్తుతానికి ఇది దేశీయ ప్రయాణాలకే. యాప్‌లో ఆధార్‌తో ఒకసారి నమోదు చేసుకుని సెల్ఫీ ఇవ్వాలి; దీనికి ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ప్రతి ప్రయాణానికీ వెబ్ చెక్-ఇన్ చేసి, బోర్డింగ్ పాసును యాప్‌లోకి ఎక్కించి, వెళ్లే విమానాశ్రయానికి పంపాలి. అక్కడ డిజియాత్ర గేటు దగ్గర బోర్డింగ్ పాసు కోడ్‌ను స్కాన్ చేసి కెమెరా వైపు చూస్తే చాలు. టికెట్టులోని పేరు ఆధార్‌లోని పేరుతో కలవకపోతే యాప్ బోర్డింగ్ పాసును తీసుకోదు. పైన పేర్ల గురించి అంత వివరంగా చెప్పడానికి ఇదొక కారణం.

వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయని, విమానాశ్రయానికి పంపినవి విమానం బయలుదేరిన 24 గంటలలో చెరిపివేస్తారని దీని నిబంధనలు చెబుతున్నాయి. ఇది పూర్తిగా ఐచ్ఛికం. ఇష్టం లేనివారు మామూలు వరుసలో కార్డు చూపించి వెళ్లవచ్చు. తలుపు దగ్గర సిబ్బంది ఎవరైనా ఫోన్ తీసుకుని నమోదు చేయబోతే అక్కరలేదని మర్యాదగా చెప్పే హక్కు ప్రయాణికుడికి ఉంది. వాడేవారు కూడా అసలు కార్డు వెంట ఉంచుకోవాలి, ఎందుకంటే యంత్రం ముఖాన్ని గుర్తించని రోజు ఉంటుంది.

పెట్టె సర్దే రాత్రి

విమాన ప్రయాణంలో సామాను రెండు విధాలు: కౌంటర్ దగ్గర అప్పగించేది, చేతిలో ఉంచుకునేది. ఎకానమీ తరగతిలో చేతి సామానుకు సాధారణంగా ఏడు కిలోల పరిమితి ఉంటుంది. సంచి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు మించకూడదు. ఒక చేతి సంచి, దానితో పాటు స్త్రీల పర్సు లేదా లాప్‌టాప్ సంచి, అంతవరకే. ఏ వస్తువు ఏ పెట్టెలోకి వెళ్లాలన్న నిర్ణయంలో సగం తనిఖీ అయిపోతుంది, కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీకి విమానం అడుగున సామాను గదిలో నిప్పు అంటుకుంటే ఆర్పేవారు ఉండరు. క్యాబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే చూస్తారు. ఈ ఒక్క కారణం గుర్తుంటే నియమం మరిచిపోరు. పరిమితి 100 వాట్-అవర్లు (బ్యాటరీలో నిలువ ఉండే శక్తికి కొలత). పవర్ బ్యాంకు మీద ఆ సంఖ్య లేకపోతే మిల్లీఆంపియర్-అవర్లను 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి: 20,000 అని ఉన్నది 74 వాట్-అవర్లు అవుతుంది, చెల్లుతుంది, 30,000 అని ఉన్నది 111 అవుతుంది, దానికి విమాన సంస్థ అనుమతి కావాలి. అక్షరాలు చెరిగిపోయి సామర్థ్యం చదవలేని పవర్ బ్యాంకును ఇంట్లోనే వదిలేయాలి. విడి లిథియం బ్యాటరీలకూ ఇదే నియమం. పొరపాటున పెద్ద పెట్టెలో పెట్టి అప్పగిస్తే, కౌంటర్ తరువాత జరిగే ఎక్స్‌రేలో అది కనబడి, పెట్టె తెరవడానికి మన పేరు పిలుస్తారు. ఆ పిలుపు వినిపించుకోకపోతే పెట్టె మనతో పాటు రాదు. పెట్టె తాళం చెవి చేతి సంచిలో ఉంచుకోవాలని చెప్పేది కూడా ఇందుకే.

అగ్గిపెట్టె, లైటర్ మన దేశంలో రెండు పెట్టెల్లోనూ నిషిద్ధం. పూజా సామగ్రి తీసుకువెళ్లేవారు కర్పూరం కూడా మండే ఘనపదార్థాల వర్గంలోనిదేనని గుర్తుంచుకోవాలి. ఎండు కొబ్బరి సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది: నూనె ఎక్కువగా ఉండి తనంతట తానే వేడెక్కి రాజుకునే స్వభావం వల్ల ఎండు కొబ్బరిని అంతర్జాతీయ నియమాలు ప్రమాదకర సరుకుల జాబితాలో చేర్చాయి. కొబ్బరికాయను చేతి సామానులో మామూలుగా అనుమతించరు. అయితే శబరిమల వెళ్లే అయ్యప్ప స్వాములు ఇరుముడిలోని కొబ్బరికాయను చేతిలోనే తీసుకువెళ్లడానికి 2022 నుంచి దీక్షా కాలంలో ప్రత్యేక అనుమతి ఇస్తున్నారు. ఎక్స్‌రే, అవసరమైతే ఇతర పరీక్షలు జరిగిన తరువాతే ఆ అనుమతి వర్తిస్తుంది. ప్రతి ఏడూ తేదీలు విడిగా ప్రకటిస్తారు కాబట్టి బయలుదేరే ముందు విమాన సంస్థను అడగడం అవసరం.

పచ్చళ్లు, కారప్పొడి, కందిపొడి, నెయ్యి లేకుండా మన పెట్టె కదలదు. వీటన్నింటినీ అప్పగించే పెట్టెలోనే పెట్టాలి. నూనె తేలే ఆవకాయ ద్రవపదార్థం కిందికి వస్తుంది. కారప్పొడి కళ్లలో చల్లడానికి పనికొచ్చే వస్తువు కాబట్టి చేతి సంచిలో కనిపిస్తే తీసివేస్తారు. అమెరికా వెళ్లే విమానాలలో చేతి సంచిలోని పొడి ఏదైనా 350 మిల్లీలీటర్ల పరిమాణాన్ని మించితే అదనపు పరీక్ష చేసే నిబంధన 2018 జూన్ 30 నుంచి అమలులో ఉంది. పరీక్షలో తేలకపోతే ఆ పొడిని లోపలికి రానివ్వరు. అమ్మ దంచి పంపిన పొడిని కళ్లముందే చెత్తబుట్టలో వేయవలసి రావడం ఎంత బాధో చూసినవారికే తెలుస్తుంది. కూతురి కాపురానికి పంపే కత్తిపీట, కొబ్బరి కోరు, కత్తెర వంటి పదునైన వస్తువులను కూడా మందపాటి గుడ్డలో చుట్టి పెద్ద పెట్టెలోనే సర్దాలి. లడ్డూ ప్రసాదాన్ని చేతిలో తీసుకువెళ్లడానికి అభ్యంతరం లేదు.

ద్రవాల విషయంలో దేశీయ, విదేశీ ప్రయాణాలకు తేడా ఉంది. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా వెళ్లే విమానాలను ద్రవరూప పేలుడు పదార్థాలతో పేల్చే కుట్ర బయటపడిన తరువాత ప్రపంచమంతటా 100 మిల్లీలీటర్ల నియమం వచ్చింది. విదేశీ ప్రయాణంలో తలనూనె, షాంపూ, పేస్టు, బామ్, పెరుగు, తేనె ఏదైనా సరే ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లలోపు ఉండాలి, అన్నీ కలిసి ఒక లీటరు పట్టే, మూసి తెరవగలిగే పారదర్శకమైన సంచిలో ఇమడాలి. లెక్కించేది సీసా పరిమాణాన్ని, లోపల మిగిలిన నూనెను కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కొంచెమే ఉన్నా ఒప్పుకోరు. దేశీయ ప్రయాణంలో ఇంత కఠినం లేదు, తాగే నీటి సీసాను సాధారణంగా రానిస్తారు. అయినా అనుమానం కలిగిన ద్రవాన్ని ఆపే అధికారం తనిఖీ అధికారికి ఉంటుంది. మందులు, ఇన్సులిన్, పసిపిల్లల పాలు ఈ పరిమితికి లోబడవు. డాక్టరు చీటీ పక్కనే ఉంచుకుని, అడగకముందే బయటకు తీసి చూపించాలి.

వరుసలో నిలబడినప్పుడు

దేశీయ ప్రయాణంలో చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానం బయలుదేరడానికి 60 నిమిషాల ముందే మూతపడతాయి, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. అందుచేత కనీసం రెండు గంటలు, విదేశాలకైతే మూడు గంటలు ముందుగా చేరుకోవాలి. పండగ రోజులలో ఇంకొంచెం ముందు. కొన్ని చిన్న విమానాశ్రయాలలో పెద్ద పెట్టెను కౌంటర్‌కు వెళ్లకముందే ఎక్స్‌రే చేయించి పట్టీ వేయించుకోవాలి. శంషాబాద్ వంటి చోట కౌంటర్‌లో అప్పగించిన తరువాత లోపలే ఆ పని జరుగుతుంది.

భద్రతా తనిఖీ వరుసలో చేరిన వెంటనే, ట్రే అందేదాకా ఆగకుండా, వాచీ, తాళాలు, చిల్లర, పర్సు అన్నీ చేతి సంచి జేబులో వేసి జిప్పు పెట్టాలి. వదులుగా ట్రేలో వేసినవే పోతాయి. లాప్‌టాప్, ఫోన్, పవర్ బ్యాంకు, చార్జర్ వంటివి సంచి నుంచి తీసి విడి ట్రేలో పెట్టాలి. వైర్లు, బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఎక్స్‌రే తెర మీద వాటి కింద ఏముందో కనిపించదు, అందుకే వేరు చేయమంటారు. కోటు, స్వెటర్, బెల్టు విప్పవలసి రావచ్చు. బోర్డింగ్ పాసును మాత్రం చేతిలోనే ఉంచుకోవాలి. తరువాత లోహాన్ని గుర్తించే ద్వారం గుండా నడిచి, చిన్న మెట్టు మీద నిలబడి చేతులు చాచితే, జవాను చేతి యంత్రంతో ఒళ్లంతా పరీక్షిస్తారు. స్త్రీలకు వేరే వరుస, తెర కట్టిన గది, మహిళా సిబ్బంది ఉంటారు. తాళిబొట్టు, గాజులు తీయమని సాధారణంగా అడగరు. యంత్రం మోగితే చేత్తో తడిమి చూస్తారు. బోర్డింగ్ పాసు మీద ముద్ర వేసే విమానాశ్రయమైతే ఆ ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకోవాలి, లేకపోతే గేటు నుంచి వెనక్కి పంపుతారు. చేతి సంచికి కట్టే చీటీ మీద ముద్ర వేసే పద్ధతిని హైదరాబాద్‌తో సహా ఏడు పెద్ద విమానాశ్రయాలలో 2017 ఏప్రిల్‌లోనే ఎత్తివేశారు.

మన సంచి పక్క పట్టీ మీదికి మళ్లితే భయపడనక్కరలేదు, తెర మీద స్పష్టంగా కనిపించని వస్తువు ఏదో ఉందని మాత్రమే అర్థం. ఈ సంచి ఎవరిదని అడిగినప్పుడు ముందుకు వెళ్లి చెప్పాలి. తెరవమనేదాకా ముట్టుకోకూడదు. తెరిచిన తరువాత అడిగిన వస్తువు తీసి చూపిస్తే సంచిని మళ్లీ ఎక్స్‌రేలో పంపుతారు. ఏదైనా వస్తువును ఆపేస్తే సమయం ఉన్నవారు వెనక్కి వెళ్లి విమాన సంస్థ కౌంటర్‌లో అప్పగించవచ్చు, సాగనంపడానికి వచ్చినవారు ఇంకా బయటే ఉంటే వారికి అందించవచ్చు. సాగనంపేవారు మనం తనిఖీ దాటామని ఫోన్ చేసేదాకా వెళ్లిపోవద్దని చెప్పి ఉంచడం అందుకే మంచిది. ఎంత చిరాకు కలిగినా, ఎంత చనువుగా మాట్లాడుతున్నా, బాంబు అనే మాట పలకకూడదు. అక్కడ ఆ మాటను పరిహాసంగా ఎవరూ తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ప్రయాణం ఆగిపోయి పోలీసు కేసు అవుతుంది.

పెద్దవారితో, అనారోగ్యంతో ఉన్నవారితో

పేస్‌మేకర్ ఉన్నవారు ద్వారం దగ్గరకు రాకముందే ఆ మాట చెప్పి, ఆస్పత్రి ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు చూపించి, యంత్రానికి బదులు చేతితో తనిఖీ చేయమని కోరాలి. మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవారికి ద్వారం మోగడం ఖాయం; ఏ కాలికి శస్త్రచికిత్స జరిగిందో ముందే చెబితే పని త్వరగా తెములుతుంది. వీల్‌చైర్ కావాలంటే టికెట్టు కొన్నప్పుడే నమోదు చేయించాలి. కుర్చీలో ఉన్నవారిని కూర్చోబెట్టే తనిఖీ చేస్తారు, లేవలేనివారు లేవనక్కరలేదు.

తనిఖీ సిబ్బందిలో చాలామంది ఇతర రాష్ట్రాలవారు, హిందీలో మాట్లాడతారు. తెలుగు తప్ప మరో భాష రాని మన అమ్మమ్మలకు, తాతయ్యలకు నిజమైన భయం యంత్రం కాదు, ఈ మాటలు అర్థం కాకపోవడమే. ప్రయాణానికి ముందు రోజు ఇంట్లో ఒక పళ్లెం పెట్టి, ఫోన్ ఇందులో, సంచి ఇందులో, ఇలా నిలబడి చేతులు చాచాలి అని ఒకసారి చేయించి చూపండి. పేరు, వెళ్లే ఊరు, అక్కడ కలిసేవారి ఫోన్ నంబరు, వాడుతున్న మందులు, ఒంట్లో ఉన్న లోహపు భాగాలు ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి బోర్డింగ్ పాసుతో పాటు ఇవ్వండి. మా అమ్మ మొదటిసారి ఒంటరిగా వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని రెండు చోట్ల చూపించిందని, ఇద్దరూ చదివి చేయి పట్టుకుని నడిపించారని చెప్పింది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లినవారు అక్కడ ఊరి నుంచి ఊరికి విమానం ఎక్కేటప్పుడు భారత పాస్‌పోర్టు చూపిస్తే చాలు, అక్కడి విమానాశ్రయాలలో తనిఖీ చేసే టీఎస్ఏ అనే సంస్థ దాన్ని అంగీకరిస్తుంది. 2025 మే 7 నుంచి అక్కడ రియల్ ఐడీ నిబంధన, అంటే కేంద్ర ప్రమాణాలకు సరిపడే గుర్తింపు కార్డు ఉండాలనే నియమం, అమలులోకి వచ్చింది కాబట్టి, రాష్ట్రం ఇచ్చిన మామూలు డ్రైవింగ్ లైసెన్సునే నమ్ముకుని బయలుదేరిన విద్యార్థులు దాని మీద నక్షత్రం గుర్తు వంటి రియల్ ఐడీ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి; లేకపోతే పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. అక్కడ బూట్లు విప్పించే పద్ధతిని 2025 జులైలో మానేశారు.

తనిఖీ దాటిన తరువాత

ట్రేలు బయటకు వచ్చే చోట నిలబడి తొందరపడి అన్నీ చంకన పెట్టుకుని కదలకండి. రెండడుగులు పక్కకు జరిగి, బల్ల దగ్గర ఆగి, కార్డు, ఫోన్, లాప్‌టాప్, పర్సు, తాళాలు లెక్క చూసుకుని, గుర్తింపు కార్డును మళ్లీ అదే జేబులో పెట్టండి. గేటు దగ్గర, కొన్నిసార్లు విమానం మెట్ల దగ్గర కూడా దాన్ని అడుగుతారు. ఒకే రంగు లాప్‌టాప్‌లు వరుసగా వస్తుంటాయి, పొరపాటున ఒకరిది ఒకరు తీసుకువెళ్లడం జరుగుతూ ఉంటుంది. లాప్‌టాప్ అడుగున పేరు, ఫోన్ నంబరు రాసిన చిన్న చీటీ అతికించండి. విమానం ఎక్కిన తరువాత ఏదైనా ట్రేలో మరిచిపోయినట్టు తెలిస్తే, దిగగానే బయలుదేరిన విమానాశ్రయం పోయిన వస్తువుల విభాగానికి ఫోన్ చేసి, తనిఖీ చేయించుకున్న సమయం, వరుస సంఖ్య చెప్పండి. దొరికిన వస్తువుల వివరాలను సీఐఎస్‌ఎఫ్ తన వెబ్‌సైట్‌లో విమానాశ్రయాల వారీగా ఉంచుతుంది. వస్తువును తిరిగి తీసుకోవడానికి వెళ్లినప్పుడు, లేదా మరొకరిని పంపినప్పుడు, ఆ రోజు బోర్డింగ్ పాసు, గుర్తింపు కార్డు కాపీ చూపించవలసి ఉంటుంది కాబట్టి బోర్డింగ్ పాసును ఇల్లు చేరి సామాను విప్పేదాకా పారవేయకండి.